అత్యుత్తమ యానిమేషన్ టీవీ సిరీస్‌లు ఏవి? తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీ కోసం తీసిన యానిమేషన్ సిరీస్‌లలో అన్నిటికన్నా గొప్పది ఏది అని అడగగానే ఎవరి చిన్నతనం వారికి గుర్తొస్తుంది. చర్చ ఎక్కడ మొదలైనా కాసేపటికి అవే ప్రశ్నలు వస్తాయి. వాటికి నాకు తోచిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. నేనిచ్చిన వరుస మీకు నచ్చకపోవచ్చు. అది ఏ కొలతతో వచ్చిందో మాత్రం దాచకుండా చెబుతాను.

ముందు జాబితా చెప్పండి. మొదటి పది ఏవి?

మొదటి స్థానం ‘ది సింప్సన్స్’ది. రెండోది ‘నియాన్ జెనెసిస్ ఎవాంజెలియన్’. మూడోది ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’, నాలుగోది ‘బ్యాట్‌మన్: ది యానిమేటెడ్ సిరీస్’, అయిదోది ‘ఆస్ట్రో బాయ్’. ఆ తరువాత వరుసగా ‘కౌబాయ్ బీబాప్’, ‘బోజాక్ హార్స్‌మన్’, ‘హైడీ’, ‘అడ్వెంచర్ టైమ్’, ‘మొబైల్ సూట్ గుండమ్’. మొదటి నాలుగింటి విషయంలో నాకు గట్టి నమ్మకం ఉంది. ఆరు నుంచి పది వరకు ఉన్నవాటిని ఎవరైనా ఒక మెట్టు పైకో కిందికో జరిపితే వాదించను.

ఈ వరుసకు కొలత ఏమిటి?

రెండు కొలతలున్నాయి. ఒకటి నాణ్యత. చిన్ననాటి జ్ఞాపకాల సాయం లేకుండా, ఆ సిరీస్ పేరైనా వినని మనిషి ఈరోజు కూర్చుని ఒక ఎపిసోడ్ చూస్తే చివరిదాకా లేవకుండా చూస్తాడా? రెండోది ప్రభావం. ఆ సిరీస్ లేకపోయి ఉంటే తరువాత వచ్చినవాళ్ల పని వేరేగా ఉండేదా? ఈ రెండిటికీ మార్కులు వేసి కూడటం నాకు ఇష్టం లేదు. కూడితే, రెండిటిలోనూ మధ్యస్థంగా ఉన్నది ఒకదానిలో మహోన్నతంగా ఉన్నదాన్ని దాటిపోతుంది.

ఈ రెండిటి వెనుక నేను చూసేది ఇంకొకటి ఉంది. టీవీ యానిమేషన్ కొరతలో పుట్టిన కళ. డబ్బు తక్కువ, సమయం తక్కువ, బొమ్మలు తక్కువ. ఆ కొరతను కప్పిపుచ్చుకున్నవి చాలా ఉన్నాయి. ఆ కొరతనే తమ శైలిగా మలుచుకున్నవి కొన్నే. నా జాబితాలో పైన ఉన్నవి ఎక్కువగా ఆ కొన్నే.

కొరత అంటున్నారు. అసలు ఎన్ని బొమ్మలు కావాలి?

సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. ప్రకటనలు తీసేస్తే అరగంట కార్యక్రమంలో మిగిలేది సుమారు 22 నిమిషాలు. అంటే 31,680 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపితే 15,840 బొమ్మలు, మూడు ఫ్రేముల పాటు నిలిపితే 10,560 బొమ్మలు గీయాలి. ప్రతి వారం కొత్త ఎపిసోడ్ ఇవ్వాల్సిన చోట ఇది అయ్యే పని కాదు.

‘టామ్ అండ్ జెర్రీ’ తీసిన విలియం హన్నా, జోసెఫ్ బార్బెరాలకు ఈ లెక్క టీవీ తొలి రోజుల్లోనే ఎదురైంది. ఎమ్‌జీఎమ్ సంస్థ 1957లో తన కార్టూన్ విభాగాన్ని మూసేశాక వాళ్లు టీవీకి వచ్చారు. సినిమా హాళ్ల కోసం పనిచేసినప్పుడు దొరికిన డబ్బులో చిన్న వంతే అక్కడ దొరికింది. వాళ్లు కనిపెట్టిన ఉపాయాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది యోగి బేర్ మెడలోని కాలరు, టై. ఎలుగుబంటికి కాలరు ఎందుకు? ఆ కాలరు దగ్గర తలకూ మొండేనికీ మధ్య గీత దాగిపోతుంది. మొండెం ఒకే బొమ్మగా ఉంచి, తలను మాత్రం వేరే పొర మీద గీసి కదిలించవచ్చు. ఆ పాత్ర మాట్లాడుతున్నంతసేపూ ఒళ్లంతా మళ్లీ మళ్లీ గీయాల్సిన పని తప్పుతుంది. మనం ముద్దుగా గుర్తుపెట్టుకున్న ఆ టై నిజానికి ఒక అతుకు.

జపాన్‌లో ఒసాము తెజుకా ఇంకా కఠినమైన లెక్క వేసుకున్నాడు. 1963 జనవరి 1న మొదలైన ‘ఆస్ట్రో బాయ్’ కోసం ఒక్కో బొమ్మను మూడు ఫ్రేములు నిలిపాడు, గీసిన బొమ్మలను దాచిపెట్టి వేరే ఎపిసోడ్లలో మళ్లీ వాడాడు, ముఖం కదలకుండా నోరు మాత్రమే కదిలించాడు. తయారీ ఖర్చుకన్నా తక్కువకే ఛానల్‌కు అమ్మి, నష్టాన్ని ఆటబొమ్మల హక్కుల మీద, విదేశీ అమ్మకాల మీద రాబట్టుకునే పద్ధతి పెట్టాడు. ఆ పద్ధతి అక్కడి కళాకారుల జీతాలను చాలాకాలం కిందికి లాగిందని ఈనాటికీ నిందిస్తారు. ఆ నింద న్యాయమైనదే. అయినా కదలని ముఖం మీద కెమెరా నిలపడం, వేగాన్ని గీతలతో చూపడం వంటి యానిమే (జపాన్ యానిమేషన్) భాష అక్కడే పదును తేరింది. 193 ఎపిసోడ్లలో చాలావాటిని ఇప్పుడు ఓపికతో చూడాలి. అందుకే అది అయిదో స్థానంలో ఆగింది. ప్రభావం ఒక్కటే చూస్తే దానికి మొదటి స్థానం ఇచ్చేవాడిని.

‘టామ్ అండ్ జెర్రీ’ లేని జాబితా కూడా జాబితానేనా?

అది టీవీ కోసం తీసినది కాదు. 1940 నుంచి 1958 వరకు హన్నా, బార్బెరా తీసిన 114 చిత్రాలూ సినిమా హాళ్లలో అసలు సినిమాకు ముందు వేయడానికి తయారైనవి. వాటిలో ఏడింటికి ఆస్కార్లు వచ్చాయి. ఆ డబ్బుతో, ఆ తీరికతో గీసినదాన్ని టీవీ సిరీస్‌లతో పోటీకి నిలబెడితే టీవీవాళ్లకు అన్యాయం జరుగుతుంది.

‘సింప్సన్స్’ ఇప్పుడు మునుపటిలా లేదంటారు. అయినా మొదటి స్థానమా?

అవును. మునుపటిలా లేదన్న మాటా నిజమే. నేను స్థానం ఇస్తున్నది మూడో సీజన్ నుంచి ఎనిమిదో సీజన్ వరకు ఉన్న సింప్సన్స్‌కు. 1987లో మరో హాస్య కార్యక్రమం మధ్యలో చిన్న ముక్కలుగా మొదలై, 1989 డిసెంబరు 17న అరగంట సిరీస్‌గా వచ్చింది. యానిమేషన్ అంటే పిల్లల కాలక్షేపమని టీవీ యాజమాన్యాలు తీర్మానించుకున్న కాలమది. అంతకుముందు ‘ది ఫ్లింట్‌స్టోన్స్’ 1960 నుంచి 1966 వరకు రాత్రివేళ పెద్దల సమయంలో నడిచింది. ఆ తరువాత ఆ స్థాయిలో మరొకటి నిలదొక్కుకోలేదు. మూసుకుపోయిన ఆ తలుపును తెరిచింది సింప్సన్స్. ‘సౌత్ పార్క్’, ‘ఫ్యామిలీ గై’, ‘బోజాక్’ అన్నీ ఆ తలుపులోంచి వచ్చినవే. సింప్సన్ కుటుంబ పెద్ద హోమర్ నోట వచ్చే ‘డో!’ 2001లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కింది. 1999 చివర టైమ్ పత్రిక దీన్ని ఆ శతాబ్దపు అత్యుత్తమ టీవీ కార్యక్రమంగా ఎంచింది.

ఇవన్నీ ప్రభావం కిందికి వస్తాయి. నాణ్యత చూడాలంటే 1993 జనవరిలో వచ్చిన మోనోరైలు ఎపిసోడ్ ఒక్కటి చాలు. ఊరికి అనుకోకుండా 30 లక్షల డాలర్లు వస్తాయి. ఏం చేయాలని ఊరంతా సభ పెట్టుకుంటుంది. పగుళ్లు పడిన ప్రధాన వీధిని బాగుచేద్దామని హోమర్ భార్య మార్జ్ అంటుంది, అందరూ దాదాపు ఒప్పుకుంటారు. ఇంతలో వెనుక నుంచి ఒక అమ్మకందారు లేచి మోనోరైలు గురించి పాట అందుకుంటాడు. ఒక్కో చరణానికి ఒక్కో మనిషి గొంతు కలుపుతాడు, పాట అయ్యేసరికి ఊరు ఊరంతా ఊగిపోతుంది. వీధి ఇంకా పగిలే ఉందని మార్జ్ గుర్తుచేస్తే, గుంపు తీర్పు చెప్పేసిందని కొడుకు బార్ట్ ఆమె నోరు మూయిస్తాడు. ప్రజాధనం ఎలా ఆవిరవుతుందో రెండు నిమిషాల పాటలో ఇంత స్పష్టంగా చూపినది నాకు మరొకటి తెలియదు. ఆ సభలోని ప్రతి ముఖం మనకు తెలిసిన ముఖమే. నీడ చూసినా గుర్తుపట్టగలిగేలా ప్రతి పాత్ర ఆకారాన్నీ సిరీస్ సృష్టికర్త మ్యాట్ గ్రోనింగ్ రూపొందించాడు కాబట్టి, అంత గుంపులోనూ ఎవరూ కలిసిపోరు.

‘ఎవాంజెలియన్’ చివరి రెండు ఎపిసోడ్లు అర్థం కావు. దానికి రెండో స్థానం ఎలా ఇచ్చారు?

చివరికి వచ్చేసరికి తయారీకి సమయం మిగలలేదు. నిశ్చల చిత్రాలు, రాత పలకలు, గరుకు స్కెచ్‌లతో ఆ రెండు ఎపిసోడ్లు నడుస్తాయి. కోపగించుకున్న ప్రేక్షకులను నేను తప్పుపట్టను. 1997లో వచ్చిన సినిమా వేరే ముగింపు చూపింది.

కానీ 22వ ఎపిసోడ్‌లోని లిఫ్ట్ సన్నివేశం చూడండి. భారీ రోబోలను నడిపే అసుకా, రేయ్ అనే అమ్మాయిలు లిఫ్ట్‌లో నిలబడి ఉంటారు. ఇద్దరికీ పడదు. లిఫ్ట్ కదులుతున్న చప్పుడు తప్ప మరేమీ వినిపించదు. తెర మీద దాదాపు ఏదీ కదలకుండా ముప్పావు నిమిషానికి పైగా గడుస్తుంది. బొమ్మల ఖర్చు మిగిల్చే పాత ఉపాయమే ఇది, తెజుకా వాడినదే. అయితే దర్శకుడు హిదెయాకి అన్నో చేతిలో ఆ నిశ్శబ్దమే కథ అయింది. పక్కనున్న మనిషితో మాట్లాడలేకపోవడం ఎంత బరువో చూసేవాళ్ల గుండెకు తెలుస్తుంది. కొరత శైలిగా మారడం అంటే నా ఉద్దేశం ఇదే.

1995 అక్టోబరు నుంచి 1996 మార్చి వరకు 26 ఎపిసోడ్లు వచ్చాయి. భారీ రోబోల కథ అనగానే ఆటబొమ్మలు అమ్ముకునే సిరీస్ అనుకునే రోజుల్లో, రోబో ఎక్కడానికి భయపడే 14 ఏళ్ల కుర్రవాడి కుంగుబాటును కథకు మధ్యలో పెట్టింది. తరువాతి యానిమేలో లోలోపల నలిగిపోయే కథానాయకులు ఎక్కడ కనిపించినా నాకు దీని జాడే కనిపిస్తుంది.

‘అవతార్’ పిల్లల ఛానల్‌లో వచ్చినదే కదా?

వచ్చింది పిల్లల ఛానల్‌లోనే. 2005 ఫిబ్రవరి నుంచి 2008 జూలై వరకు, 61 ఎపిసోడ్లు, మూడు భాగాలు. మొదటి ఎపిసోడ్‌లో వేసిన ప్రశ్నకు చివరి ఎపిసోడ్‌లో జవాబు చెప్పే నిర్మాణం అప్పటి అమెరికన్ పిల్లల యానిమేషన్‌లో చాలా అరుదు. జల, భూ, అగ్ని, వాయు శక్తులకు ఒక్కోదానికి నిజమైన చైనా యుద్ధవిద్యను ఆధారం చేశారు: జలానికి తాయ్ చీ, భూమికి హుంగ్ గా, అగ్నికి ఉత్తర షావోలిన్, వాయువుకు బా గువా. అందుకే పోరాటంలో ఒక పాత్ర పాదం ఎలా మోపిందో చూసి ఆ పాత్ర స్వభావం చెప్పవచ్చు.

రెండో భాగంలో బా సింగ్ సే నగరంలోని చిన్న కథల ఎపిసోడ్ ఒకటి ఉంది. అందులో ముసలి ఐరోహ్ రోజంతా ఊరు తిరుగుతూ కనిపించినవారికల్లా సాయం చేస్తాడు. ఏడుస్తున్న పసివాడిని ఒక పాట పాడి నవ్విస్తాడు. సాయంత్రం గుట్ట మీది చెట్టు కింద గుడ్డ పరిచి, యుద్ధంలో పోయిన కొడుకు చిత్రం నిలబెట్టి, పొద్దున్న పాడిన పాటే మళ్లీ అందుకుంటాడు. ఈసారి గొంతు పూడుకుపోతుంది. ఆ పాత్రకు గాత్రమిచ్చిన మాకో 2006 జూలైలో మరణించాడు. ఆ కథ అతనికే అంకితం. నాలుగైదు నిమిషాలకు మించని ఆ కథను నేను ఎన్నిసార్లు చూసినా రెండో పాట దగ్గర తట్టుకోలేను.

బ్యాట్‌మన్ సిరీస్‌లో కథలకన్నా రూపమే గొప్పదా?

రెండూ గొప్పవే. 1992లో మొదలైన ఈ సిరీస్‌కు నేపథ్య చిత్రాలను నల్ల కాగితం మీద వేశారు. తెల్ల కాగితం మీద చీకటి పూయడానికి బదులు, చీకటిలోంచి వెలుగును బయటికి తీశారు. ఆ రాత్రి నగరానికి అంత లోతు అలా వచ్చింది. బ్యాట్‌మన్‌కు కెవిన్ కాన్రాయ్, విలన్ జోకర్‌కు మార్క్ హామిల్ ఇచ్చిన గాత్రాలు ఆ పాత్రలకు శాశ్వతంగా అతుక్కుపోయాయి. జోకర్‌కు తోడుగా ఒక ఎపిసోడ్ కోసం సృష్టించిన హార్లీ క్విన్ ఆ తరువాత కామిక్స్‌లోకి, సినిమాల్లోకి వెళ్లింది. సాధారణంగా పాత్రలు కామిక్స్‌ నుంచి తెర మీదికి వస్తాయి. ఇక్కడ ప్రయాణం ఎదురు దిశలో సాగింది.

ప్రేక్షకుల సంఖ్యను లెక్కలోకి తీసుకున్నారా?

తీసుకోలేదు. ‘గుండమ్’ చరిత్ర చూస్తే ఎందుకో తెలుస్తుంది. 1979లో 52 ఎపిసోడ్ల కోసం మొదలై, ఆదరణ లేక 43కే ముగిసింది. పునఃప్రసారాలూ, 1980లో వచ్చిన ఆ రోబోల ప్లాస్టిక్ మోడళ్లూ, ఆపైన సంకలన చిత్రాలూ దానికి ప్రాణం పోశాయి. ఇప్పుడు జపాన్‌లో ఆ పేరు ఎరగనివారు అరుదు. ‘కౌబాయ్ బీబాప్’ను 1998లో మొదట ప్రసారం చేసిన ఛానల్ 26లో సగం ఎపిసోడ్లు కూడా వేయలేదు. సంగీత దర్శకురాలు యోకో కాన్నో తనంతట తాను కట్టి ఇచ్చిన బాణీలు విని, వాటికి తగ్గట్టు దర్శకుడు షినిచిరో వతనాబే కొత్త సన్నివేశాలు అల్లుకున్న సిరీస్ అది. అలాంటి పనిని తొలి వారాల అంకెలతో తూచలేం.

ప్రభావం అంటే మంచి ప్రభావమే లెక్కా?

ప్రభావం మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. 1997 డిసెంబరు 16న ‘పోకెమాన్’ ఎపిసోడ్ ఒకదానిలో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మారుతూ మెరవడంతో జపాన్‌లో 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో ఎక్కువమంది పిల్లలు. సిరీస్ నాలుగు నెలలు ఆగిపోయింది. వెలుతురున్న గదిలో, తెరకు దూరంగా కూర్చుని చూడమని యానిమే ఆరంభంలో కనిపించే హెచ్చరిక ఆ ఘటన తరువాత వచ్చిందే.

నా మొదటి స్థానానికీ ఒక మచ్చ ఉంది. సింప్సన్స్‌లో భారత సంతతి దుకాణదారు అపుకు ఏళ్ల తరబడి నటుడు హ్యాంక్ అజారియా యాస పెట్టి గాత్రమిచ్చాడు. ఆ యాసతో బడిలో వేధింపులు పడ్డ తరం పెరిగి పెద్దదై ప్రశ్నించింది. 2017లో హాస్యనటుడు హరి కొండబోలు దాని మీద డాక్యుమెంటరీయే తీశాడు. 2020లో అజారియా ఆ పాత్ర వదిలేశాడు. ఆ ఎపిసోడ్లలో అపు మంచి మనిషే, తెలివైనవాడే. అయినా ఆ గొంతు ఎందరినో నొప్పించింది. రెండూ గుర్తుంచుకునే నేను ఆ స్థానం ఇచ్చాను.

‘బోజాక్’ కథను మనుషులతోనే తీయవచ్చు కదా? గుర్రం తల ఎందుకు?

2017లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో బోజాక్ తల్లి మతిమరుపులోంచి తన గతాన్ని చూస్తుంది. నేపథ్యంలోని మనుషులకు ముఖాలుండవు. ఆమె తలచుకోవడానికి ఇష్టపడని ఒక స్త్రీ ముఖం మీద పెన్నుతో కోపంగా గీకేసినట్టు నల్లగీతలు కదులుతుంటాయి. జ్ఞాపకం చెరిగిపోవడాన్ని నటులతో ఇంత సూటిగా చూపడం కష్టం. గీసిన బొమ్మకే ఆ వీలుంది. 77 ఎపిసోడ్లలో మొదటి అరడజను మామూలుగా ఉంటాయి, అక్కడ ఆపేయకండి.

‘హైడీ’, ‘అడ్వెంచర్ టైమ్’ ఏ అర్హతతో వచ్చాయి?

1974లో ‘హైడీ’ కోసం దర్శకుడు ఇసావో తకహాతా బృందం స్విట్జర్లాండ్ వెళ్లి కొండలను, ఇళ్లను చూసి వచ్చింది. 52 ఎపిసోడ్ల దృశ్యాల అమరికను హయావో మియాజాకి గీశాడు. రాక్షసులు, రోబోలు లేకుండా గడ్డి మీద నడిచే పిల్లను చూపి ఏడాది పాటు ప్రేక్షకులను కూర్చోబెట్టారు. తరువాత ఈ ఇద్దరి జీబ్లీ స్టూడియో చిత్రాల్లో మనం మెచ్చుకున్న నెమ్మదికి మూలం ఇక్కడ కనిపిస్తుంది. ‘అడ్వెంచర్ టైమ్’ ఒక బడిలా పనిచేసింది. అక్కడ స్టోరీబోర్డులు (కథను వరుస బొమ్మల్లో చూపే ముసాయిదాలు) గీసిన రెబెకా షుగర్ వంటివాళ్లు బయటికి వచ్చి సొంత సిరీస్‌లు సృష్టించారు.

‘స్పాంజ్‌బాబ్’, ‘సౌత్ పార్క్’, ‘డ్రాగన్ బాల్ జెడ్’?

మూడూ పదకొండో స్థానం కోసం పోటీపడేవే. ఆరు రోజుల్లో ఒక ఎపిసోడ్ తయారుచేసే ‘సౌత్ పార్క్’ వేగం అపూర్వం, కానీ వార్త పాతబడగానే ఎపిసోడూ పాతబడుతుంది. ‘స్పాంజ్‌బాబ్’ తొలి మూడు సీజన్లు నిష్కల్మషమైన హాస్యం. ‘డ్రాగన్ బాల్ జెడ్’ ప్రభావం ఖండాలు దాటింది, కానీ 291 ఎపిసోడ్లలో ఎదురుచూపులు ఎక్కువ.

కొత్తవాటిని ఎందుకు వదిలేశారు?

మొదలై పదేళ్లు నిండనిదాన్ని తీసుకోకూడదని నియమం పెట్టుకున్నాను. ప్రభావం కనబడటానికి ఆమాత్రం కాలం పడుతుంది. 2018లో మొదలైన ‘బ్లూయి’ ఏడేసి నిమిషాల ఎపిసోడ్లతో తల్లిదండ్రులనే ఏడిపిస్తోంది. 2021 నాటి ‘ఆర్కేన్’ రంగులు కళ్లు తిప్పుకోనివ్వవు. పదేళ్ల గడువు దాటాక రెండూ లోపలికి వస్తాయని నా ఊహ.

పిల్లలతో కలిసి చూడదగినవి ఏవి?

‘హైడీ’, ‘అవతార్’, ‘ఆస్ట్రో బాయ్’. ‘ఎవాంజెలియన్’, ‘బోజాక్’ పెద్దలకే.

డబ్బింగ్‌లో చూస్తే తప్పా?

తప్పేమీ లేదు. ‘కౌబాయ్ బీబాప్’ ఇంగ్లిష్ డబ్బింగ్‌ను మూలంతో సమానంగా ఇష్టపడేవాళ్లు చాలామంది ఉన్నారు. ‘బ్యాట్‌మన్’ను మాత్రం ఒక్కసారైనా అసలు గాత్రాలతో వినండి.

నాకు ఒక్క ఎపిసోడ్‌కే సమయం ఉంది. ఏది చూడను?

1992 సెప్టెంబరులో వచ్చిన బ్యాట్‌మన్ ఎపిసోడ్ ‘హార్ట్ ఆఫ్ ఐస్’ చూడండి. మంచు తుపాకీ పట్టుకుని తిరిగే మిస్టర్ ఫ్రీజ్ అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని విలన్. రచయిత పాల్ డీని అతనికి జబ్బుపడిన భార్యను ఇచ్చాడు. దాంతో విలన్ కాస్తా దుఃఖితుడయ్యాడు. గాజు గోళంలో తిరిగే నర్తకి బొమ్మతో ఫ్రీజ్ ఒంటరిగా మాట్లాడుతుండగా ఎపిసోడ్ మొదలవుతుంది, చలిగదిలో బందీగా అదే బొమ్మ ముందు కూర్చుని భార్యను క్షమాపణ అడుగుతుండగా ముగుస్తుంది. కామిక్స్‌ కూడా ఆ తరువాత అతని కథను ఇలాగే మార్చుకున్నాయి. మొత్తం 22 నిమిషాలు.